ఫోను లేని పిల్ల నుంచే మొదలుపెట్టాలి

'ఆన్‌లైన్‌' అన్న మాట చెవిన పడితే చాలు, మన ఇళ్లలో 2020వ సంవత్సరం గుర్తొస్తుంది. ఆ ఏడాది మార్చిలో బడులకు తాళాలు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్‌ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీవీ ఉన్నవాళ్లు టీవీ ముందు, లేనివాళ్లు ఫోను ముందు పిల్లల్ని కూర్చోబెట్టారు. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోను. ఇంటాయన దాన్ని జేబులో వేసుకుని పొలానికో, రైసుమిల్లుకో వెళితే ఆ రోజుకి పాఠం లేనట్టే. సాయంత్రం ఆయన తిరిగొచ్చాక ఆ ఫోను ఎవరి చేతికి వెళ్లిందో వేరే చెప్పాలా? 'వాడు పదో తరగతి, వాడికివ్వు' అని ఒకరోజు, 'నీకు వంటింట్లో పనుంది' అని మరోరోజు... ఆడపిల్ల వంతు వచ్చేసరికి చార్జింగో, డేటానో అయిపోయేది.

ఎక్కడో ఒక ఇంట్లో జరిగిన సంగతి అనుకోవద్దు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్‌ వాడినవాళ్లు నూటికి 27 మంది కూడా లేరు. మగవాళ్లలో సగం మందికి పైగా వాడారు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోను ఉండడం వేరు, ఆడపిల్ల చేతిలో అది అరగంట ఉండడం వేరు.

ఇప్పుడెందుకీ పాత గోడు అంటారా? అదే 'ఆన్‌లైన్‌' ఇప్పుడు మరో రూపంలో మన బడుల్లోకి వస్తోంది. ఒక ఊరి బడినీ ఇంకో ఊరి బడినీ ఇంటర్నెట్‌తో కలిపి, రెండు బడుల పిల్లల చేత కొన్ని వారాలపాటు ఒకే పని చేయించడం. ఇక్కడి పిల్లలు కొంత వెతికి పంపుతారు, అక్కడి పిల్లలు కొంత వెతికి పంపుతారు, చివరికి ఇద్దరూ కలిసి ఒకటి తయారుచేస్తారు. చక్కటి ఆలోచన. నాకెంతో ఇష్టమైన ఆలోచన కూడా. ఇష్టం గనకనే, అది దారి తప్పకుండా ఉండాలంటే మొదట ఏం చూసుకోవాలో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పేరు కొత్తది, పని పాతది

ఈ పని ఇంటర్నెట్‌తో పుట్టిందనుకుంటే పొరపాటే. ఫ్రాన్స్‌లో సెలెస్టాఁ ఫ్రెనే అనే పల్లెటూరి పంతులుగారు 1920లలోనే తన బడి పిల్లల చేత దూరపు ఊరి బడి పిల్లలకు ఉత్తరాలు రాయించారు. పిల్లలు తమ ఊరి సంగతులు తామే అచ్చువేసి పంపేవాళ్లు. అటునుంచీ అలాగే వచ్చేవి. ఎదుటి ఊరి పిల్లలు చదువుతారన్న ధ్యాసతో రాయడం వల్ల ఆ రాతకో అర్థం ఉండేది. మార్కుల కోసం రాసిన వ్యాసాన్ని ఒక్క టీచరు చదువుతుంది, దిద్దుతుంది, అంతే కదా!

1988లో, అమెరికా రష్యాల మధ్య అనుమానాలు ఇంకా పోని రోజుల్లో, న్యూయార్క్‌ రాష్ట్రంలోని కొన్ని బడులనూ మాస్కోలోని కొన్ని బడులనూ కంప్యూటర్లతో కలిపారు. అందులోంచి పుట్టిందే 'ఐ-ఎర్న్‌' అనే సంస్థ. తర్వాత అది ఎన్నో దేశాలకు పాకింది. యూరప్‌ దేశాలు 2005లో 'ఈ-ట్విన్నింగ్‌' పేరుతో తమ బడులకు ఇలాంటి జోడింపు పథకం పెట్టుకున్నాయి.

మన దగ్గరా లేకపోలేదు. 'స్కూల్‌ ఇన్‌ ద క్లౌడ్‌' అనే పేరు విన్నారా? ఢిల్లీ కల్కాజీలో 1999లో గోడకు కన్నం పెట్టి బస్తీ పిల్లల కోసం కంప్యూటరు అమర్చిన సుగతా మిత్రా గుర్తున్నారు కదా, ఆయన ఆలోచనే. 2009లో ఆయన బ్రిటన్‌లోని ఒక పత్రిక ద్వారా అక్కడి అమ్మమ్మలకు, నాయనమ్మలకు విజ్ఞప్తి చేశారు. వారానికి ఒక గంట, ఇంట్లో ఇంటర్నెట్‌, ఒక కెమెరా... అంతే అడిగింది. చాలామంది ముందుకొచ్చారు. మన హైదరాబాదు పిల్లలతో వాళ్లు స్కైప్‌లో మాట్లాడారు, కథలు చదివారు. పాఠం చెప్పడం వాళ్ల పని కాదు. 'అబ్బ, ఇది నువ్వే చేశావా? ఎలా చేశావో నాకూ చెప్పు' అని అడగడమే వాళ్ల పని. మన ఇళ్లలో నాయనమ్మలు చేసేదీ అదే కదా!

ఆ తర్వాత టాటా ట్రస్టులు, ముంబయిలోని టిస్‌, అమెరికాలోని ఎం.ఐ.టి. కలిసి 'క్లిక్స్‌' పేరుతో తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల సర్కారు హైస్కూళ్లలో కంప్యూటరుతో కలిసి నేర్చుకునే పాఠాలు పెట్టాయి. 2017వ సంవత్సరానికి గాను దానికి యునెస్కో బహుమతి వచ్చింది. పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒక కంప్యూటరు దగ్గర కూర్చుని చర్చించుకుంటూ నేర్చుకోవాలన్నది అందులో ముఖ్యమైన సూత్రం. టీచర్లు ఫోను గ్రూపుల్లో ఒకరి అనుభవం ఒకరు చెప్పుకునేవాళ్లు. 2015లో ప్రకటించిన 'ఏక్‌ భారత్‌ శ్రేష్ఠ భారత్‌'లో తెలంగాణకు జత హర్యానా, ఆంధ్రప్రదేశ్‌కు జత పంజాబు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఒక సర్కారు బడినీ ఒక ప్రైవేటు బడినీ జత చేయమంటోంది.

అంటే దారి ఉంది, అనుమతి ఉంది. మరి అడ్డేమిటి?

ముందు వరస, వెనక వరస

మిర్యాలగూడ ప్రాంతంలో ఒక బడిలో ఇలాంటి కార్యక్రమం ఒకటి చూశాను. బడి పేరు ఎందుకు లెండి. గోడమీద పెద్ద తెర. తెరమీద విదేశీ పిల్లలు. ఇటువైపు ముందు వరసలో ఇస్త్రీ బట్టలతో అయిదుగురు పిల్లలు, అందులో నలుగురు మగపిల్లలు. ఇంగ్లీషు గడగడా మాట్లాడగలరని ఎంచిన వాళ్లు. వారం రోజులు కంఠస్థం చేయించిన ప్రశ్నలు అడిగారు. 'మీ జాతీయ పక్షి ఏది?' 'మీరు ఏ ఆట ఆడతారు?' అటునుంచి జవాబులు వచ్చాయి. చప్పట్లు కొట్టారు. ఫొటోలు దిగారు. వెనక నలభై మంది మఠం వేసుకుని చూస్తున్నారు. అందులో రెండు జడలు వేసుకున్న ఒక పిల్ల తన పక్కదాన్ని మెల్లిగా అడుగుతోంది, 'వాళ్లకు కూడా నీళ్లు మోసే పనుంటదా?' అని.

ఆ పూటంతా అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. కానీ అది తెరదాకా వెళ్లలేదు!

జాతీయ పక్షి ఏదో తెలుసుకోడానికి ఇంకో దేశపు పిల్లలు ఎందుకు? పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో దొరకనిది, ఎదుటి పిల్ల ఒక్కతే చెప్పగలిగింది అడిగినప్పుడే రెండు బడులు కలిసినట్టు. ఆమె జవాబు లేకపోతే నా పని ఆగిపోవాలి. నా జవాబు లేకపోతే ఆమె పని ఆగిపోవాలి. అలాంటి అవసరం లేనప్పుడు ఎన్ని తెరలు పెట్టినా అది పెళ్లిచూపుల వ్యవహారమే. ముస్తాబై కూర్చోవడం, అడిగినదానికి జవాబు చెప్పడం, లేచిపోవడం.

జోడీ కోసం ఎంత దూరం పోవాలి?

బడుల జోడింపు అనగానే మనవాళ్ల కళ్లు అమెరికా వైపు పోతాయి. కాస్త గడియారం చూడండి. మనకు ఉదయం పది గంటలైతే అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి. రెండు బడుల పనివేళలు ఎప్పటికీ కలవవు. బ్రిటన్‌ అయితే మన మధ్యాహ్నం మూడింటికి వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నరో, పదిన్నరో. పరవాలేదు. హర్యానా అయితే గడియారమే మార్చక్కర్లేదు.

నన్నడిగితే మొదటి జోడీ అంత దూరం కూడా వద్దు. మన జిల్లాలోనే చూద్దాం.

మాడుగులపల్లి నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీది ఊరు. 2016లో మండలమైంది. ఆ రోడ్డు పట్టుకుని వేములపల్లి, మిర్యాలగూడ వైపు వెళితే సాగర్‌ ఎడమ కాలువ, దాని కింద వరి పొలాలు, ఆ వరి నమ్ముకున్న రైసుమిల్లులు. ఇదే నల్గొండ జిల్లాలో ఇంకోపక్క మర్రిగూడ, మునుగోడు, చండూరు. అక్కడ తరతరాలు బోరింగు నీళ్లు తాగి ఫ్లోరిన్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్‌ కాలువలకు నీళ్లు వదిలారు. కాలువ పారిన ఊళ్లలో బతుకు ఒక తీరుగా మారింది, పారని ఊళ్లలో ఇంకో తీరుగా. ఒకే జిల్లా, ఒకే భాష, ఒకే పాఠ్యపుస్తకం. అయినా మాడుగులపల్లి తొమ్మిదో తరగతి పిల్లకు మర్రిగూడ తొమ్మిదో తరగతి పిల్ల ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో తెలుసా? మర్రిగూడ పిల్లకు కాలువ కట్టిన రోజున తలుపు గొళ్లెం పెట్టి నాట్లకు పరుగెత్తే ఆడవాళ్ల సంగతి తెలుసా?

మిషన్‌ భగీరథ నల్లాలు వచ్చాక ఫ్లోరిన్‌ ఊళ్లలోనూ తాగడానికి కృష్ణ నీళ్లు అందుతున్నాయి. మంచిదే. అయినా వీధివీధినా ఇరవై లీటర్ల క్యాన్ల వ్యాపారం నడుస్తూనే ఉంది. నల్లా నీళ్లు ఎందరు తాగుతున్నారు? క్యాను నీళ్లు ఎందరు కొంటున్నారు? వంటకు ఏ నీళ్లు? పశువులకు ఏ నీళ్లు? నల్లా రాని రోజున బిందె ఎవరు ఎత్తుతారు? ఎంత దూరం? వారానికి క్యాన్లకు ఎంత ఖర్చు? ఇవన్నీ పిల్లలు తమ వీధిలో అడిగి రాసుకోగల ప్రశ్నలు. పాఠ్యపుస్తకంలో జవాబు లేనివి. రెండు ఊళ్ల లెక్క పక్కపక్కన పెడితే తప్ప సంగతి బోధపడనివి.

ఈ పనిలో మనకు అందుబాటులో ఉన్న సాయం ఇంకోటి ఉంది. 2019లో మొదలైన జలజీవన్‌ మిషన్‌ కింద ఊరికి కనీసం అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని నియమం పెట్టారు. చిన్న పెట్టెలో మందు సీసాలు, రంగుల పట్టీ ఉంటాయి. నీళ్లలో మందు కలిపి, వచ్చిన రంగును పట్టీతో పోల్చి చూస్తే ఫ్లోరైడు ఎంతుందో అంచనా తెలుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే ఆధారం లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చంటారు. ఆ పరీక్ష నేర్చుకున్న అక్కను బడికి పిలిచి, పిల్లల ముందు చేయించండి. సైన్సు పాఠం ఎవరి చేత చెప్పించినట్టయింది? ఊరి ఆడమనిషి చేత!

ఆరు వారాల పని

ఎలా నడిపించాలో కూడా చెప్పుకుందాం. 'ఆలోచన బాగుందమ్మా, ఎలా చేయాలి?' అని హెడ్‌మాస్టరుగారు అడిగితే నోరు వెళ్లబెట్టకూడదు కదా.

మొదటి వారం పరిచయం. పిల్లలు ఒక్కొక్కరి సొంత వివరాలు పంపనక్కర్లేదు. తరగతి మొత్తం కలిసి తమ ఊరి పటం గీసి, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో చూపించి ఫొటో తీసి పంపాలి. రెండో వారం ప్రశ్నలు తయారుచేయాలి. అక్కడివి అయిదు, ఇక్కడివి అయిదు. పదీ ఇద్దరూ ఒప్పుకున్నాక, ఒకే కాగితం మీద ఒకే వరసలో రాసుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కీలకం ఇక్కడే ఉంది. ఒకరు బిందెలతో, ఒకరు లీటర్లతో లెక్క రాస్తే చివర్లో ఏదీ కలవదు.

మూడు, నాలుగు వారాలు ఇంటింటికీ తిరగడం. ఒక్కో బడి ముప్పై ఇళ్లు చాలు. అందులో కాలువ కట్టక ముందు రోజులు చూసిన డెబ్బై దాటిన అవ్వలు అయిదారుగురైనా ఉండాలి. అయిదో వారం మార్పిడి. మాడుగులపల్లి కాగితాలు మర్రిగూడ పిల్లలు చదవాలి, మర్రిగూడ కాగితాలు మాడుగులపల్లి పిల్లలు చదవాలి. ఎవరి లెక్క వాళ్లే కూడుకుంటే జోడింపు ఎందుకు? ఎదుటివాళ్ల కాగితం చదివి, 'ఈ పన్నెండో ఇంట్లో నల్లా ఉన్నా క్యాను ఎందుకు కొంటున్నారు?' అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు తేవడానికి ఇక్కడి పిల్ల మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలి. చదువంటే అదే.

ఆరో వారం ఇద్దరూ కలిసి నాలుగు పేజీల నివేదిక రాసి, రెండు ఊళ్లలోనూ సభ పెట్టి చదవాలి. సర్పంచిగారు, టీచర్లు, అమ్మలు, నాన్నలు వినాలి.

దీనికి ఖరీదైన సరంజామా ఏం కావాలి? బడిలో ఒక కంప్యూటరు, లేదా ఒక్క ఫోను. చాలా సర్కారు హైస్కూళ్లలో ఇప్పుడు గోడలకు పెద్ద డిజిటల్‌ బోర్డులు వచ్చాయి. వారానికి ఒక్కసారి ముఖాముఖి మాట్లాడుకుంటే చాలు. మిగతాదంతా రాసి పంపుకోవడం, ఫొటో పంపుకోవడం, గొంతు రికార్డు చేసి పంపుకోవడం. కరెంటు పోయిందా, సిగ్నల్‌ లేదా, రేపు పంపొచ్చు. ఏ ఒక్క కంపెనీ యాప్‌నీ నమ్ముకుని ప్రణాళిక వేయొద్దు. ప్రపంచమంతా బడులు వాడుకున్న స్కైప్‌ 2025 మేలో మూతపడింది. అయినా పిల్లల ప్రశ్నలు మూతపడవు కదా!

నెల కూడా చూసుకోవాలి. జూన్‌లో బడులు తెరిచి పుస్తకాలు, బట్టలు సర్దుకునేసరికి నెల గడుస్తుంది. జూలై రెండోవారంలో మొదలుపెడితే దసరా సెలవులకు ముందే పని పూర్తవుతుంది. జనవరి దాటాక పదో తరగతి పరీక్షల హడావిడి. అప్పుడు ఎవరూ పట్టించుకోరు.

ఆ పిల్లకు ఫోను లేదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఎంత మంచి ప్రణాళికైనా ఒక్క మాటతో పాడైపోతుంది. 'మిగతాది ఇంటి దగ్గర ఫోనులో చేసుకుని రండి' అన్న మాటతో!

ఆ మాట అన్న క్షణంలోనే తరగతి రెండుగా చీలిపోతుంది. ఫోను ఉన్న పిల్లలు ముందుకుపోతారు. లేనివాళ్లు, ఉన్నా చేతికి దొరకనివాళ్లు వెనకపడతారు. ఆ వెనకపడేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువని 2020లో మన కళ్లతో చూశాం. అందుకే నా మాట ఒక్కటే. ఇలాంటి పని మొదలుపెట్టేటప్పుడు తరగతిలో ఫోను అసలు లేని పిల్ల ఎవరో చూసి, ఆ పిల్ల పూర్తిగా పాల్గొనేలా నియమాలు రాయాలి. ఆమెకు సరిపోయింది అందరికీ సరిపోతుంది. ఫోను ఉన్నవాడికి సరిపోయింది ఆమెకు సరిపోదు.

అంటే ఏం చేయాలి? పనంతా బడిలో, బడివేళలోనే జరగాలి. ఇంటికి పంపే పని కాగితం, కలం, నోటితో అయ్యేదిగా ఉండాలి. పిల్లల్ని అయిదుగురేసి జట్లు చేయాలి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, ఒకరు కొలవాలి, ఒకరు టైపు చేయాలి, ఒకరు తెరముందు మాట్లాడాలి. వారం వారం ఈ పనులు మారిపోవాలి. లేకపోతే ఏమవుతుందో మనకు తెలీదా? టైపు చేయడం, మాట్లాడడం మగపిల్లాడికి, 'నీ చేతిరాత బాగుంటుంది' అని రాసే పని ఆడపిల్లకు. ఇల్లు ఊడ్చే పనిలాగే ఇదీ పొగడ్తతో అంటగట్టే పనే. కీబోర్డు మీద ఆమె వేళ్లు పడాలి. తడుముకున్నా సరే, తప్పు కొట్టినా సరే.

కస్తూర్బా బడుల్లో, గురుకులాల్లో ఆడపిల్లలకు సొంత ఫోన్లు ఉండవు. అందువల్ల ఈ పని అక్కడ కుదరదని కొందరు అంటారు. నాకు తోచేది వేరు. అందరికీ లేనప్పుడు అందరూ సమానమే. అందరూ ఒకేచోట ఉంటారు. సాయంత్రం గిన్నెలు తోమమనే వాళ్లు ఉండరు. మొదటి జోడీ కట్టాల్సింది అలాంటి రెండు బడుల మధ్యనేమో!

అమ్మల భయం

'ఆడపిల్లను ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఫోనులో మాట్లాడిస్తారా?' అని కొందరు తల్లులు భయపడతారు. ఆ భయాన్ని నవ్వి కొట్టిపారేయకూడదు. పేపరు తిరగేస్తే చాలు, ఎందుకు భయపడుతున్నారో అర్థమవుతుంది. అయితే భయానికి మందు ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం అయితే, ఆ మందు చాలా ఏళ్లుగా వాడుతూనే ఉన్నాం. నష్టపోయింది ఎవరు?

నియమాలు పెట్టుకుందాం. మాటలన్నీ బడి నంబరు నుంచి, టీచరు ముందరే. పిల్లల సొంత నంబర్లు, ఇంటి అడ్రసులు అటువైపు ఇవ్వకూడదు. ఒంటరి పిల్ల ఫొటో పంపకూడదు. చేసిన పని ఫొటో పంపితే చాలు. ఏ సందేశం పోయిందో, ఏది వచ్చిందో ఏ తల్లి అడిగినా చూపించగలగాలి. 2023లో వచ్చిన డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలనే అంటోంది. సంతకం పెట్టించుకునే ముందు కాగితంలో ఏముందో చదివి వినిపించాలి. సంతకం నాన్నగారిదే ఎందుకు? అమ్మా పెట్టొచ్చు.

ఇలా బడిలో, టీచరు పక్కన ఉండగా తెలియనివాళ్లతో ఎలా మాట్లాడాలో, ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో నేర్చుకున్న పిల్ల రేపు చేతిలోకి సొంత ఫోను వచ్చినప్పుడు అంత సులువుగా మోసపోదు. ఏమీ నేర్పకుండా ఇంటర్‌ చేరిన రోజున ఒక్కసారిగా ఫోను చేతికివ్వడం ఈత రాని పిల్లను కాలువలో దింపడమే.

'సిలబస్‌ ఎప్పుడు పూర్తిచేయాలి?' అనేది టీచర్ల గోడు. అందులోనూ న్యాయం ఉంది. ఓటర్ల లిస్టు నుంచి మధ్యాహ్న భోజనం దాకా అన్నీ వాళ్ల నెత్తినే. అందుకే ఇది అదనపు పనిగా రాకూడదు. పైన చెప్పిన నీళ్ల పనిలో లెక్కలు ఉన్నాయి, సైన్సు ఉంది, సాంఘికం ఉంది, తెలుగు రాత ఉంది. ఎలాగూ పిల్లల చేత ప్రాజెక్టులు చేయించి మార్కులు వేయాలి కదా. పుస్తకాల దుకాణంలో బొమ్మల చార్టు కొని అతికించే ప్రాజెక్టుకు బదులు ఇది చేయించవచ్చు. అయితే ఒక్క టీచరు మీదే భారం వేస్తే ఆమెకు బదిలీ కాగానే పని ఆగిపోతుంది. ఇద్దరు టీచర్లు, అటు ఇద్దరు, ఉండాలి.

ముందు తెలుగులో, తర్వాత ప్రపంచం

మొదటి జోడీ తెలుగులో కుదిరితే పిల్లలకు పని మీద పట్టు వస్తుంది. తర్వాత హర్యానా. వాళ్లూ వరి పండిస్తారు. కోత అయ్యాక గడ్డి ఏం చేస్తున్నారో వాళ్లు చెప్పాలి, మనం చెప్పాలి. ఆ తర్వాత ఆఫ్రికా ఎందుకు కాకూడదు? ఫ్లోరైడు తీసేయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్‌ పౌడరు వాడే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దాని పేరేమిటో తెలుసా? 'నల్గొండ టెక్నిక్‌'. ఇథియోపియా, టాంజానియా దేశాల్లో ఫ్లోరైడు ఊళ్లున్నాయి. అక్కడి నీటి ఇంజినీర్లకు మన జిల్లా పేరు తెలుసు. ఇథియోపియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. మన పదకొండున్నర వాళ్లకు తొమ్మిది. రెండు బడులూ తెరిచే ఉంటాయి. ఇంగ్లీషు వాళ్లకూ పరాయి భాషే, మనకూ పరాయి భాషే. ఒకరి ముందు ఒకరు సిగ్గుపడాల్సిన పనిలేదు.

అమెరికాతోనే కావాలంటే అక్కడి తెలుగు పిల్లలున్నారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల వాళ్లు తెలుగు నేర్చుకుంటున్నారు. వాళ్లకు తెలుగు మాట్లాడే స్నేహితులు కావాలి, మన పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడే స్నేహితులు కావాలి. అక్కడ మాడుగులపల్లి పిల్లే పంతులమ్మ. దానం పుచ్చుకునే చెయ్యి ఇటు, ఇచ్చే చెయ్యి అటు అన్న పద్ధతిలో మాత్రం ఏ జోడీ వద్దు.

అడగాల్సింది మనమే

'ఇదంతా పెద్ద పెద్ద ఆఫీసర్లు చేయాల్సిన పని, మనమేం చేస్తాం' అనుకుంటున్నారా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, మహిళా సంఘాల లీడర్లకు బడి బాగుచేయించే పని అప్పగించింది. గోడలకు సున్నం వేయించగలిగిన అమ్మలు, ఆ గోడల మధ్య ఏం జరగాలో అడగలేరా?

వచ్చే మీటింగులో నాలుగు ప్రశ్నలు అడగండి. మన బడిలో కంప్యూటరు గది తాళం ఎవరి దగ్గరుంది? అది వారానికి ఎన్నిసార్లు తెరుస్తున్నారు? తెరిచినప్పుడు ఆడపిల్లలు ఎందరు దానిముందు కూర్చుంటున్నారు? మన పిల్లలతో కలిసి పనిచేయడానికి ఏ ఊరి బడిని అడుగుదాం?

మొదటి మూడింటికీ జవాబు హెడ్‌మాస్టరుగారు చెప్పాలి. నాలుగోదానికి మాత్రం మనం వెతకొచ్చు. ప్రతి ఊరికీ ఆడబిడ్డలున్న ఊళ్లు, కోడళ్లు వచ్చిన ఊళ్లు ఉంటాయి. మాడుగులపల్లి నుంచి మర్రిగూడకు, కోదాడ నుంచి చండూరుకు, సూర్యాపేట నుంచి దేవరకొండకు చుట్టరికాలు లేవా? ఆ ఊరి బడిలో చదివే మేనకోడలు ఉంటుంది. ఆ బడి టీచరమ్మ పేరు కనుక్కోవడం ఎంతసేపు? పెళ్లి సంబంధాలకు ఏడు ఊళ్లు వెతికే మనం, బడికి ఒక్క సంబంధం కుదర్చలేమా?

కుదిర్చాక ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి. 'వాళ్లకు కూడా నీళ్లు మోసే పనుంటదా?' అని వెనక వరసలో గుసగుసలాడే పిల్ల ఉంటుంది కదా, మొదటి ప్రశ్న ఆమె చేత టైపు చేయించండి.